పాత రంపం మిషన్ కొనేముందు

సంపాదకులు గారికి నమస్కారం.

వానాకాలం వరి కల్లాలు లేచి యాసంగి నాట్లు పడేలోపు దొరికే కొద్ది వారాల్లోనే మా వైపు చెట్ల పనంతా నడుస్తుంది. ఒడ్ల మీద నీడ పడేసే తుమ్మలు, వేపలు తీయడం, గాలివానకు ఒరిగినవాటిని సర్దడం, పసుపు ఉడకబెట్టేందుకు కట్టెలు కొట్టిపెట్టుకోవడం అన్నీ ఈ చలి రోజుల్లోనే. గొడ్డలి పని చేసే మనుషులు తగ్గడంతో ఊళ్లలోకి పెట్రోలుతో నడిచే చెట్లు కోసే రంపం మిషన్లు (చైన్‌సాలు) వచ్చాయి. వాటిలో చాలావరకు ఎవరో వాడి అమ్మేసినవే. మీ వ్యవసాయ పేజీలో కొత్త యంత్రాల గురించీ సబ్సిడీల గురించీ రాస్తున్నారు, మంచిదే. పాత మిషన్ కొనేవాళ్లకు మాత్రం అమ్మేవాడి మాటే దిక్కు. కొన్నాక కూడా డబ్బంతా ఇంజన్‌కే పోస్తారు, ప్రాణం మీదికి తెచ్చే బ్రేకు, చైన్, చెట్లు లాగే వైరు తాడు వైపు చూడరు.

అమ్మకానికి పెట్టిన మిషన్‌ను ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచడం పాత ఎత్తు. సైలెన్సర్ ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీస్తే ఆగి ఆగి, మెట్లు దిగినట్టు కిందికి జారాలి. ఒక్కసారిగా జారిపోతే కంప్రెషన్ లేదన్నట్టే. గేజీ ఉంటే 120 నుంచి 150 పీఎస్ఐ మంచిది, 90కి దిగిందంటే రింగులైనా, బోరైనా అయిపోయాయి. తర్వాత సైలెన్సర్ విప్పండి, రెండు మూడు బోల్టులే. ఆ రంధ్రంలోంచి పిస్టన్ కనపడుతుంది. నున్నగా ఉంటే సరే. నిలువు గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోలుతో నడిచి ఉండాలి, లేదా ఎక్కడో గాలి లాగుతూ ఉండాలి. గాలి లాగే మిషన్‌కు స్లో స్పీడు నిలవదు, పక్కకు వంచితే చప్పుడు మారుతుంది. క్రాంక్ సీళ్లు, కార్బొరేటర్ వెనక రబ్బరు బూటు మార్చకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ కాలిపోతుంది.

పెట్రోలు సంగతికి వస్తే, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. కార్బొరేటర్ లోపల ఉండే పల్చటి పొర (డయాఫ్రమ్) బిగుసుకుపోవడానికి, పెట్రోలు పైపు పగలడానికి ఇదొక కారణం. కలిపిన పెట్రోలు రెండు వారాలకు మించి దాచకండి. సీజన్ అయిపోయాక ట్యాంకు ఒంపేసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి పక్కన పెట్టాలి. పాత మిషన్‌కు కళ్లు మూసుకుని డయాఫ్రమ్ కిట్టు, పెట్రోలు పైపు, ఫిల్టరు మార్చేయడం మేలు. చవకగా దొరికే 52, 58 సీసీ మిషన్లలో లీటరుకు 40 మి.లీ. 2టీ ఆయిల్ కలపాలి. మంచి కంపెనీ మిషన్లలో, ఆ కంపెనీ చెప్పిన ఆయిల్‌తోనైతే లీటరుకు 20 మి.లీ. చాలు. ప్లగ్గు సందు 0.5 మి.మీ., కాయిల్‌కూ ఫ్లైవీలుకూ మధ్య 0.3 మి.మీ. పల్చటి విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే దాదాపు సరిపోతుంది.

కార్బొరేటర్ మీద ఫుల్ స్పీడులో పెట్రోలు ఎంత రావాలో సరిచేసే హెచ్ స్క్రూ తిప్పేవాళ్లకు ఒక మాట. కుడివైపు తిప్పితే చప్పుడు పదునెక్కి మిషన్ ఊపు అందుకున్నట్టు ఉంటుంది. అది పెట్రోలు తగ్గిందన్న అరుపు. పెట్రోలుతోపాటు ఆయిలూ తగ్గి, పావుగంటలో పిస్టన్ పట్టేస్తుంది. స్క్రూ మెల్లగా మూసి, ఒక చుట్టు నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి అక్కడ మొదలుపెట్టాలి.

పొద్దున చలికి స్టార్ట్ కాకపోతే చోక్ వేసి మూడు నాలుగు సార్లు లాగి, మొదటి ‘ఫట్’ వినగానే చోక్ తీసేయాలి. ఆ చప్పుడు పట్టించుకోకుండా ఇరవై సార్లు లాగితే ప్లగ్గు తడిసిపోతుంది. అప్పుడు ప్లగ్గు విప్పి, మిషన్‌ను బోర్లించి, స్విచ్ ఆపి అయిదారు సార్లు లాగి, ప్లగ్గు ఆరబెట్టి వేసుకోవాలి.

ఇక బ్రేకు. ముందు పిడి దగ్గర ఉండే అడ్డపలక ఉత్త చేతి రక్షణకు అనుకుని, అడ్డంగా ఉందని విప్పి పారేసిన మిషన్లు చాలా ఉన్నాయి. బార్ (చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) కొస పైభాగం దేనికైనా తగిలిందంటే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. ఎడమ మణికట్టు ఆ పలకకు తగిలి చైన్ ఆగడమే మనిషికి మిగిలిన ఆసరా. మిషన్‌ను నేల మీద పెట్టి, చైన్ తిరుగుతుండగా పలక ముందుకు నెట్టండి, టక్కున ఆగాలి. ఆగకపోతే లోపలి బ్యాండు అరిగింది, లేదా తెంపేశారు. యాక్సిలరేటర్ వదిలేసినా చైన్ కదులుతుంటే స్లో స్పీడు ఎక్కువై ఉంటుంది, లేదా క్లచ్ స్ప్రింగు పోయి ఉంటుంది. ఈ రెండూ బాగుచేయించకుండా కొమ్మ మీద పెట్టొద్దు. కింద చైన్ తెగితే ఆపే చిన్న కొక్కెం ఉందా లేదా కూడా చూడండి, ఎక్కువసార్లు ఉండదు.

చైన్ పదును గురించి ఎంత రాసినా తక్కువే. పొట్టు పెద్ద పలుకులుగా రాలితే పదునుంది, పిండిలా రాలితే లేదు. నొక్కితే తెగుతోంది కదా అని నొక్కితే బార్, క్లచ్ రెండూ కాలతాయి. గుండ్రటి ఆకురాయి సైజు చైన్‌ను బట్టి ఉంటుంది: 0.325 పిచ్‌కు (పిచ్ అంటే చైన్ లింకుల ఎడం, అంగుళాల్లో) 4.8 మి.మీ., 3/8కి 5.2, చిన్న మిషన్లకు వచ్చే లో-ప్రొఫైల్ 3/8కి 4 మి.మీ. 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి, ఒకే వైపు తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ప్రతి పన్నుకూ సమానంగా తోయాలి, మూడుసార్లంటే మూడుసార్లే. ఒకవైపు పళ్లు పొట్టివైతే కోత వంకర పోతుంది, అప్పుడు తప్పు బార్‌దని అనుకుంటారు. నాలుగైదు సార్లు నూరాక పన్ను ముందుండే బొడిపెను 0.65 మి.మీ. తక్కువ ఉండేలా చప్పటి ఆకురాయితో తీయాలి. అంతకంటే ఎక్కువ తీస్తే చైన్ కరిచిపట్టి తన్నుతుంది. చైన్‌ను తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్)లో అర మిల్లీమీటరు గాడి పడితే కొత్త చైన్ వేయడం దండగ, దాన్నీ మార్చాలి. మన తుమ్మ, చింత ఎండితే గట్టి. నేల మీద ఈడ్చిన దుంగ బెరడులో ఇసుక ఉంటుంది, గొడ్డలితో ఆ చోట బెరడు గీకి కోయండి. ఒడ్డు మీది చెట్లలో కంచె తీగ, మేకులు ఉంటాయి. తాటి నార స్ప్రాకెట్‌కు చుట్టుకుంటుంది.

చైన్‌కు పోసే ఆయిల్ విషయంలో మనవాళ్ల పొదుపు ఎదురు తిరుగుతుంది. ట్రాక్టరులోంచి తీసిన నల్ల ఆయిల్‌లో ఇనుప పొడి ఉంటుంది, బార్‌ను అరగదీస్తుంది, మొహం మీదా మట్టిలోనూ చిమ్ముతుంది. కొత్త 30 నంబరు ఇంజన్ ఆయిల్ పోయండి. బార్ కొసను కాగితం మీదికి చూపించి రేస్ చేస్తే ఆయిల్ గీత పడాలి. పడకపోతే బార్‌లోని ఆయిల్ రంధ్రంలో పొట్టు నిండింది. పని అయ్యాక చైన్ కాస్త వదులు చేయడం మరవొద్దు, చల్లారితే కుంచించుకుని క్రాంకును లాగుతుంది.

ఇప్పుడు చెట్లు, దుంగలు తాడుతో లాగే వించ్ సంగతి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు నేలకూలిన సంగతి మీ పాఠకులకు తెలుసు. అంత పెద్దది కాకున్నా ఒడ్డు మీద వేళ్లతో లేచి ఒరిగిన ఒక్క చెట్టు కూడా అలాంటి ప్రమాదమే. మొదలు కోయగానే వేళ్ల గడ్డ తిరిగి గుంటలో కూర్చుంటుంది, వెనక నిలబడ్డవాళ్లను నలిపేస్తుంది. అందుకే కోయకముందే ఆ గడ్డను తాడుతో కట్టి బిగించి ఉంచాలి. వంగి బిగుసుకున్న కొమ్మను కోసేటప్పుడు నొక్కుకున్న వైపు మూడో వంతు కోసి, తర్వాత సాగిన వైపు కోయాలి. తలకిందులు చేస్తే బార్ ఇరుక్కుంటుంది, లేదా కొమ్మ చీలి కొడుతుంది.

బోరు మోటర్లు ఎత్తే చైన్ పుల్లీని చెట్లు లాగడానికి వాడుతున్నారు. అది నిలువుగా ఎత్తడానికి చేసింది. అడ్డంగా లాగితే చేతి చైన్ చక్రం తప్పుతుంది. దానికి లివర్ పుల్లర్ గానీ, చేతి వించ్ గానీ కావాలి. పాత వించ్‌లో ముందు చూడాల్సింది రాచెట్ (ఒకవైపే తిరిగే చక్రం) పళ్లు, దాని మీద పడే నాలుక, ఆ నాలుక స్ప్రింగు. బ్రేకు ఉన్న వించ్‌లో బ్రేకు పలకలకు గ్రీజు తగలకూడదు, పళ్లకే రాయాలి.

8 మి.మీ. వైరు తాడు తెగే బరువు సుమారు 3.5 టన్నులు. దానికి అయిదో వంతు, అంటే 700 కిలోలే పని బరువు. తాడులో ఒక పేట పూర్తిగా ఒక చుట్టు తిరిగే పొడవులో (8 మి.మీ. తాడుకు సుమారు 5 సెం.మీ.) ఆరు తీగలు తెగి కనపడితే తాడు మార్చాల్సిందే. క్లిప్పులు మూడు కావాలి, వాటి మధ్య దూరం తాడు మందానికి ఆరు రెట్లు. జీను ఆకారపు ముక్క లాగే తాడు వైపు, యు-బోల్టు కొస వైపు ఉండాలి. మా వైపు సగానికి సగం తిరగేసి బిగిస్తారు, లాగగానే జారుతుంది. డ్రమ్ము మీద ఎప్పుడూ మూడు చుట్లు మిగలాలి. బిగిసిన తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి, తెగినా దెబ్బ దూరం పోదు. తాడు మలుపు లోపల ఎవరూ నిలబడొద్దు.

చెట్టును పడాల్సిన వైపు లాగాలంటే వించ్‌ను చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో కట్టాలి. చెట్టు పడాల్సిన వైపు కోసే నోరు మొదలు మందంలో నాలుగో వంతు, వెనక కోత దానికి రెండు మూడు సెంటీమీటర్లు పైన, మధ్యలో తలుపు మడతబందులా పదో వంతు వదలాలి. 40 సెం.మీ. మొదలైతే 4 సెం.మీ. ఆ పట్టీ తెంపితే చెట్టు తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. ట్రాక్టరుతో లాగేవాళ్లు తాడును కింది డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసు కంటే పైన కడితే, డ్రైవరు క్లచ్ తొక్కేలోపే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

మీతో కోరేది ఒకటే. కార్తీకంలో మండలానికో పూట ఐటీఐల్లో గానీ, అద్దె యంత్రాల కేంద్రాల్లో గానీ బ్రేకు, చైన్, తాడు చూసి చెప్పే శిబిరం పెట్టమని అధికారులకు గుర్తుచేస్తూ రాయండి. అప్పటిదాకా, చైన్ కొనబోయే రైతులు పాతది సంచిలో వేసుకుని షాపుకు వెళ్లడం మంచిది. పిచ్, మందం, లింకుల లెక్క మూడూ కలవాలి. 18 అంగుళాల బార్‌కు (బార్ గాడిలో నడిచే) 72 లింకులు, 20 అంగుళాల బార్‌కు 76 అనేది 0.325 పిచ్‌కే చెల్లుతుంది, 3/8కి కాదు.

ఇట్లు
చిన్న ఇంజన్ల మరమ్మతు తెలిసిన ఒక పాఠకుడు,
నర్సంపేట, వరంగల్ జిల్లా