వేలిలో ఉండిపోయిన సూది ముక్క గురించి అనంతపురం కలెక్టర్ గారికి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను జీన్స్ ప్యాంట్లు కుడతాను. సోమవారం మీరు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు వచ్చి అర్జీ ఇద్దామని రెండుసార్లు అనుకున్నాను. వచ్చి పోవడానికే ఒక రోజు పడుతుంది, ఆ రోజు పీసులు పోతాయి. పైగా అర్జీ ఒక పేజీ దాటితే ఎవరూ చదవరని మా పక్కింట్లో డిగ్రీ చదివే పిల్ల చెప్పింది. నాది ఒక పేజీలో అయ్యేది కాదు. అందుకని ఇట్లా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

రాయదుర్గం జీన్స్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పని చుట్టుపక్కల పల్లెలకూ పాకింది. ఒకచోట వసారాలో రెండు మిషన్లు, ఇంకోచోట రేకుల షెడ్డులో ఎనిమిది. నేను పనిచేసేది అట్లాంటి షెడ్డులోనే. ఓనరు పేరు, ఊరి పేరు రాయను. ఊరి పేరు రాస్తే నేను మొదట వెళ్లిన ఆసుపత్రి పేరు రాసినట్టే. ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్న నర్సమ్మ తన చేతనైంది చేసింది, ఆమె మీద ఫిర్యాదు కాదు ఇది.

ఉగాది, రంజాన్ పక్కపక్కనే వచ్చి ఆర్డర్లు మీద పడ్డ రోజులు. శనివారం సాయంత్రం ప్యాంటు బాటమ్, అంటే కాలి దగ్గరి అంచు, మడిచి కుడుతున్నా. జీన్స్‌లో మొండిచోటు అదే. పక్క కుట్టు వచ్చి మడతలో కలిసేచోట గుడ్డ మీద గుడ్డ పడి అట్టలాగా గట్టిపడుతుంది. 18 నంబర్ లావు సూది కూడా అక్కడ తడబడుతుంది. అలవాటున్నవాళ్లు పెడల్ వదిలేసి, చక్రం చేత్తో తిప్పి ఆ చోటు దాటిస్తారు. ఆ వేళ నేను తిప్పలేదు, గుడ్డను లాగాను. లాగుడుకు సూది వంగింది, నా ఎడమచేతి చూపుడు వేలు దాని కిందికి పోయింది. టప్‌మని చప్పుడొచ్చింది. నొప్పి తర్వాత తెలిసింది. ముందు కనబడింది ప్యాంటు మీద రక్తపు చుక్క. మా ఓనరు ముందుగా చూసిందీ దాన్నే.

మిషన్ కొన్నప్పుడు గుడ్డను నొక్కిపట్టే ఫుట్ ముందర వేలు పోకుండా ఒక చిన్న కమ్మీ ఉంటుంది. దారం ఎక్కించడానికి అడ్డమొస్తుందని మేమే విప్పి బాబిన్ల డబ్బాలో పడేశాం. ఇందులో ఓనరు తప్పెంతో మా తప్పూ అంతే.

మా మాస్టర్ మాత్రం తెలివైన పని చేశాడు. మిషన్‌లో మిగిలిన పై ముక్కను విప్పి, ప్లేటు కింద దొరికిన తునకను దానికి ఆనించి, పక్కన కొత్త సూది పెట్టి కొలిచాడు. మొన దగ్గర అర బియ్యపుగింజంత తక్కువ పడింది. "అక్కా, మొన లేదు. వేల్లోనే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాట ఆ రోజే ఎవరైనా ఒక చీటీ మీద రాసి ఉంటే నేను ఈ లేఖ రాసేదాన్ని కాదు.

ఆసుపత్రిలో నర్సమ్మ వేలు కడిగింది. ముందు ఉంగరం తీయించింది, అది నాకు తట్టనే లేదు. వాచిన తర్వాత అయితే ఉంగరాన్ని కత్తిరించాల్సి వచ్చేదట. ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ వెయ్యమంటే, ఇప్పుడు టీటీ లేదు, టీడీ అని ఇస్తున్నామని చెప్పింది. మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు వేయించుకున్నదే ఆఖరు, తొమ్మిదేళ్లయింది అంటే, ఇట్లాంటి గాయానికి అయిదేళ్లు దాటితే మళ్లీ వెయ్యాలమ్మా అని వేసింది. ఎక్స్‌రే గది మాత్రం తాళం వేసి ఉంది. సోమవారం రమ్మన్నారు. చీటీలో రాసింది ఇంతే: "కుట్టుమిషన్ సూది గాయం. టీడీ ఇచ్చాం. మాత్రలు." ముక్క లోపల ఉండిపోయిందని నేను చెప్పాను, ఆమె విన్నది, కాగితం మీదికి రాలేదు.

సోమవారం వేరే డాక్టర్. చీటీ చూశాడు, వేలు చూశాడు. గాయం మూసుకుంది, చీము లేదు, చీటీలో ఉన్నది గాయమే కాబట్టి గాయం మానుతోందని చెప్పాడు. ఇంకో అయిదు రోజుల మాత్రలు ఇచ్చాడు. ఆయన ముందు యాభై మంది ఉన్నారు. నేను లోపల మొన ఉంది సార్ అంటే "ఉంటే ఇంత మామూలుగా ఉండదమ్మా" అన్నాడు. అది నిజం కాదని నాకు తర్వాత తెలిసింది. స్టీలు ముక్క లోపల కొన్నాళ్లు గమ్మున పడి ఉండగలదు. పైన తోలు మూసుకున్నంత మాత్రాన లోపల ఏమీ లేదని కాదు.

ఇక ఇంటికొచ్చాక జరిగింది చెబితే నవ్వుతారు. మిషన్లు రిపేరు చేసే పిల్లోడు పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి వేలికి పెట్టాడు. మా అత్త బెల్లం, సున్నం కలిపి కట్టింది. ఎదురింటి పెద్దాయన జిల్లేడు పాలు పోస్తే ముల్లు పైకి తేలినట్టు తేలుతుందన్నాడు. సూది ముల్లు కాదు కదా తాతా అంటే, "రెండూ గుచ్చుకునేవే కదమ్మా" అన్నాడు. ఇవన్నీ పర్వాలేదు. "రక్తంలో పడితే గుండెకు పోతాది పాపా" అని ఒకామె అన్నది చూడండి, ఆ మాటతో రెండు రాత్రులు నిద్ర లేదు. గుండె దడ వస్తే సూది వచ్చిందేమో అనుకునేదాన్ని. ఆ టెన్షన్‌తోనే చేయకూడని పని చేశాను. పక్క ఊరి ఆర్ఎంపీ దగ్గరికి పోయాను. ఆయన మత్తు సరిగ్గా ఇవ్వకుండానే బ్లేడుతో కోసి అరగంట వెతికాడు. దొరకలేదు. దొరకదు కూడా, ఎక్కడుందో ఫోటో లేకుండా వెతకడమంటే గడ్డివాములో సూది వెతకడమే, అదీ కళ్లకు గంతలు కట్టుకుని. లోపలికి ఇంకా తోశాడేమోనని తర్వాతి డాక్టర్ అనుమానం.

ఎనిమిదో రోజు వేలు లావై, సగానికి వంగిపోయింది. సాచితే ప్రాణం పోయినట్టుండేది. అప్పుడు పెద్ద ఊరికి పోయాం. అక్కడి ఎముకల డాక్టర్ చేసిన మొదటి పని నాకు ఇప్పటికీ గుర్తుంది. గుచ్చుకున్నచోట ఒక పిన్ను తీగను టేపుతో అతికించి, ఎక్స్‌రే రెండు తీయించాడు, ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి. ఒక్కటే తీస్తే ముక్క ఎడమనో కుడినో తెలుస్తుంది గానీ ఎంత లోతులో ఉందో తెలియదట. తీగ తెల్లగా కనబడుతుంది, ముక్కా తెల్లగా కనబడుతుంది, తీగకు ముక్క ఎంత దూరమో కొలుచుకోవచ్చు. స్టీలు కాబట్టి ఎక్స్‌రేలో దాక్కోలేదు. నాది ఎముక పక్కన, వేలు వంచే నరానికి ఆనుకుని ఉంది. మనం నరం అంటాం, ఆయన టెండన్ అన్నాడు. ఇన్ఫెక్షన్ ఆ టెండన్ గొట్టంలోకి పోతే వేలు మళ్లీ ముడవడం కష్టమని, వంగిన వేలు సాచలేకపోవడమే దానికి గుర్తని చెప్పాడు. గుండె సంగతి అడిగాను. వేలు ఆడించే కొద్దీ ముక్క కాస్త అటూ ఇటూ జరగొచ్చు, గుండెదాకా పోతుందని భయపడాల్సిన పని లేదన్నాడు. ఇది మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆర్ఎంపీ బ్లేడు తప్పేది.

యాంటీబయాటిక్ ఎక్కించి, పదకొండో రోజు తీశారు. వేలి మొదట్లో మత్తు ఇచ్చి, రక్తం అడ్డం రాకుండా రబ్బరు కట్టి, ఎక్స్‌రేను అప్పటికప్పుడు టీవీలో చూపించే సీ-ఆర్మ్ మిషన్ కింద చెయ్యి పెట్టారు. టీవీలో నా వేలి ఎముకలు, వాటి పక్కన ఆ తెల్లటి చుక్క, దాని వైపు పోతున్న పట్టకారు కొన కనబడ్డాయి. పది నిమిషాలు పట్టలేదు. లోతుగా ఉండి, నొప్పి, చీము లేకపోతే ముక్కను వదిలేయడం కూడా ఉంటుందట, తీయబోయి ఎక్కువ చెడగొట్టకుండా. ఆ మాట చెప్పాల్సింది ఎక్స్‌రే చూసిన డాక్టర్, ఎక్స్‌రే గది తాళం కాదు.

కలెక్టర్ గారూ, ఇప్పుడు అసలు విషయం.

పెళ్లికి ముందు నేను బెంగళూరులో ఒక ఎక్స్‌పోర్ట్ గార్మెంట్స్‌లో మూడేళ్లు చేశాను. మన జిల్లా ఆడపిల్లలు ఎంతమంది అక్కడ చేస్తారో మీకు తెలుసు. అక్కడ సూది విరిగితే కొత్తది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ తెచ్చి ఇవ్వాలి. సూపర్‌వైజర్ వాటిని కలిపి పూర్తి సూది అయిందా అని చూసి, రిజిస్టర్‌లో సెల్లోటేపుతో అతికించి, తేదీ, మిషన్ నంబరు, కుట్టినవాళ్ల పేరు రాసి సంతకం పెట్టాకే కొత్త సూది. ఒకసారి మా లైన్‌లో మొన దొరకలేదు. చుట్టుపక్కల పీసుల బండిళ్లన్నీ ఆపేసి, అయస్కాంతంతో నేల ఊడ్చి, పీసులన్నీ మెటల్ డిటెక్టర్‌లో పంపారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం మూడున్నరకి. ఎందుకింత అంటే, విదేశంలో చొక్కా వేసుకునే పిల్లోడికి గుచ్చుకుంటే కంపెనీ ఆర్డరు పోతుంది.

మంచిదే, పసివాడికి గుచ్చుకోకూడదు. కానీ ఆ పుస్తకంలో "ముక్క దొరకలేదు" అని రాయడానికి చోటుండేది, "ఎవరి వేలిలో ఉంది" అని రాయడానికి చోటుండేది కాదు. మా షెడ్డులోనైతే ఆ పుస్తకమే లేదు. మా సరుకు ఎక్స్‌పోర్ట్ కాదు, అడిగేవాళ్లు లేరు.

నేను అడిగేది ఆ పుస్తకమే. కుట్టు యూనిట్ ఎంత చిన్నదైనా, ఎనిమిది మిషన్లదైనా, ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టించండి. సూది విరిగితే ముక్కలు అతికించాలి. మొన తక్కువైతే, ఎవరికైనా గుచ్చుకుని ఉంటే, అదే పేజీ నుంచి ఒక చీటీ చించి వాళ్ల చేతికివ్వాలి: ఫలానా నంబరు సూది, ఇంత ముక్క కనబడలేదు, ఫలానా వేలు. మిగిలిన ముక్కలు కూడా వెంట పంపాలి. ఆ చీటీ తెచ్చినవాళ్లకు రెండు వైపుల నుంచీ ఎక్స్‌రే తీయకుండా గాయం మానిందని రాసి పంపకూడదని మీ జిల్లా వైద్యాధికారి గారి ద్వారా ఒక సర్క్యులర్ ఇప్పించండి. ఆ పూట టెక్నీషియన్ లేకపోతే, ఎక్కడ ఉన్నారో రాసి అక్కడికి పంపాలి. అది అనంతపురం పెద్దాసుపత్రైనా సరే. మావాళ్లు దగ్గరని బళ్లారికి పోతారు, ఏ ఊరికి పోయినా చేతిలో కాగితం ఉంటే మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు.

కాగితం ఎందుకంటే మా పిన్నమ్మ కథ చెబుతాను. ఆమె చిన్నప్పుడు కాలిలో దబ్బనం మొన విరిగి ఉండిపోయింది, ఎవరూ తీయలేదు, ఆమే మరిచిపోయింది. పోయిన ఏడు నడుంనొప్పికి ఎంఆర్ఐ రాశారు. గదిలోకి పోయే ముందు ఒంట్లో ఇనుము ఏమైనా ఉందా అని అడిగితే లేదంది. అదృష్టం కొద్దీ వెంట మా అమ్మ ఉంది, గుర్తు చేసింది. ఆ మిషన్ పెద్ద అయస్కాంతం, స్టీలు ముక్కను లాగుతుంది, వేడెక్కిస్తుంది. ముక్క తీయకుండా వదిలేసినవాళ్ల దగ్గర ఆ సంగతి రాసిన కాగితం జీవితాంతం ఉండాలి.

ధర్మవరం ఇప్పుడు మీ జిల్లా కాదు, శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అక్కడ మగ్గం వర్క్ చేసే పిల్లలకూ ఇదే బాధ, వాళ్ల సూదులు ఇంకా సన్నం. ఆ కలెక్టర్ గారితో మీరు ఒక మాట చెబితే బాగుంటుంది. చేలో కంప ముల్లు విరిగినవాళ్లది వేరే కథ, చాలాసార్లు ముల్లు ఎక్స్‌రేలో కనబడదు, స్కానింగ్ చేయాలట. ముల్లుకూ సూదికీ ఒకే మందు కాదని ఎదురింటి తాతకు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, గురించి ఒక్క ముక్క. పది మంది పనిచేస్తే ఈఎస్ఐ కట్టాలి, నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లకు వర్తిస్తుంది. మా జీతంలో 0.75 శాతం, ఓనరు 3.25 శాతం. ఉంటే ఆ పదకొండు రోజుల కూలి సగానికి పైగా వచ్చేది, ఆపరేషన్ ఖర్చుకు చెవి కమ్మలు కుదువ పెట్టాల్సిన పని ఉండేది కాదు. మా షెడ్డులో ఎనిమిది మంది. గోడ అవతల ఇంకో పేరుతో ఇంకో ఎనిమిది. గోడకు తలుపు ఉంది. ఇది మీ శాఖ కాదని తెలుసు, కార్మిక శాఖవాళ్లను ఒకసారి ఆ తలుపు చూసి రమ్మనండి చాలు.

మా షెడ్డులో నోట్‌బుక్ మేమే మొదలుపెట్టాం. కమ్మీలు కూడా డబ్బాలోంచి తీసి బిగించుకున్నాం, దారం ఎక్కించడం రొంత ఆలస్యమైనా అలవాటవుతోంది. నోట్‌బుక్ మొదటి పేజీలో నా సూదే ఉంది. మాస్టర్ దాచిన పై ముక్క, ప్లేటు కింది తునక, డాక్టర్ గారు చిన్న సీసాలో వేసి ఇచ్చిన మొన, మూడూ వరుసగా సెల్లోటేపు కింద. పక్కన నా చేతిరాత: "మొన దొరికిన చోటు: ఎడమచేతి చూపుడు వేలు. దొరికిన రోజు: పదకొండో రోజు." మీ అధికారులు ఎప్పుడు వచ్చినా చూపిస్తాం.

ఇట్లు,
జీన్స్ కుట్టే ఒక ఆడమనిషి,
అనంతపురం జిల్లా.