ఏప్రిల్ వార్తాలేఖ: మయన్మార్ పిల్లల కోసం పాత బట్టలు పంపకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే చర్చ: "ఎక్కడో భూకంపం వస్తే మన పిల్లలు హుండీ పట్టుకుని తరగతుల చుట్టూ తిరగడమేమిటి?" కొందరు మెచ్చుకున్నారు. కొందరు కోప్పడ్డారు. ఇంకొందరు ఒక్క మాటైనా చెప్పకుండా పాత బట్టల మూటలు వాచ్‌మన్ దగ్గర దింపేసి వెళ్లిపోయారు. అందరికీ కలిపి ఈ ఉత్తరం.

2025 మార్చి 28న మయన్మార్‌లోని సగాయింగ్, మాండలే ప్రాంతాలను 7.7 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. 3,500 మందికి పైగా చనిపోయారు. క్యౌక్సే అనే పట్టణంలో చిన్నపిల్లల బడి ఒకటి కూలిపోయింది. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక చెలరేగిన యుద్ధం వల్ల అంతకుముందే అక్కడ 60 లక్షలకు పైగా పిల్లలు సాయం మీద ఆధారపడి ఉన్నారు. వాళ్ల మీద ఇప్పుడు ఇదొకటి వచ్చి పడింది.

మనకేం సంబంధమని అడిగినవారికి ఒక మాట. ఏప్రిల్ మొదట్లో మన విశాఖ రేవు నుంచే ఐఎన్‌ఎస్ ఘరియాల్ నౌక బియ్యం, వంటనూనె, బిస్కట్లతో అక్కడికి బయలుదేరింది. ఉత్తరాంధ్రలో ఒకప్పుడు పొట్ట చేతపట్టుకుని రంగం (మయన్మార్‌లోని రంగూన్) వెళ్లినవారు లేని ఊళ్లు తక్కువ. మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు తన నాయనమ్మను బడికి తీసుకొచ్చింది. 1964లో అక్కడ దుకాణాలన్నీ జాతీయం చేశాక ఓడెక్కి వచ్చేసిన కుటుంబం వాళ్లది. శిబిరంలో ఎవరో తన చేతిలో పెట్టిన పలక గురించి ఆవిడ చెబుతుంటే నలభై మంది పిల్లలు కిక్కురుమనకుండా విన్నారు. ఆ మనవరాలు అదంతా మూడు పేజీల్లో రాసింది. ఒక్క అక్షరం దిద్దాల్సిన పని పడలేదు! నోటీసు బోర్డులో పెట్టాం, తప్పకుండా చదవండి.

ఇక మూటల సంగతి. మీ మంచి మనసును కాదనను. కానీ వాటిని విప్పి సర్దిన ఎనిమిదో తరగతి పిల్లలకు దొరికినవేమిటో మీకూ తెలియాలి: గుండీలు ఊడిన చొక్కాలు, జత లేని చెప్పు, జరీ జాకెట్టు, బ్యాటరీ కారిపోయిన బొమ్మ కారు. ఇంట్లో అడ్డుగా ఉన్నవి ఆపదలో ఉన్నవారికి అక్కరకు రావు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఇలాంటి బట్టలే రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని ఎత్తిపోయడం అధికారులకు అదనపు పనైంది. పైగా దేశం దాటించాలంటే ఓడ ఖర్చు, కస్టమ్స్, అక్కడ గోదాము. అదే డబ్బు పంపితే ఆ చుట్టుపక్కల మార్కెట్లోనే నీళ్లు, మందులు, టార్పాలిన్లు కొంటారు. అక్కడి వ్యాపారికీ నాలుగు రాళ్లు దక్కుతాయి.

ఎవరికివ్వాలి? రెడ్‌క్రాస్, యూనిసెఫ్ లాంటి సంస్థలు భూకంపానికి ముందునుంచే అక్కడ పనిచేస్తున్నాయి. అయితే మన దేశంలో నమోదైన సంస్థలు విదేశాల్లో డబ్బు ఖర్చు చేయాలంటే నియమాలున్నాయి. కాబట్టి ఇచ్చేముందు అడగండి: ఇది మయన్మార్ పిల్లలకే చేరుతుందా, ఇక్కడి నిధిలో కలుస్తుందా? అమెరికా, ఆస్ట్రేలియాల్లో మీ వాళ్లుంటే అక్కడి శాఖలకు వాళ్లే నేరుగా ఇవ్వవచ్చు. మన హుండీ డబ్బు విషయంలోనూ పిల్లలు ఇదే ప్రశ్న అడుగుతూ ఉత్తరాలు రాశారు. సరైన జవాబు వచ్చేవరకు డబ్బు బీరువాలోనే ఉంటుంది. గ్రూపులో ఎవరో పెట్టిన క్యూఆర్ కోడ్‌కు మాత్రం దయచేసి రూపాయి కూడా వేయకండి.

ఒక దంపతులు అక్కడి అనాథ పిల్లను పెంచుకుంటామని వచ్చారు. వారి మీద నాకు గౌరవం పెరిగింది. కానీ ఇలాంటి సమయంలో ఒంటరిగా కనిపించిన బిడ్డ అనాథ అని చెప్పలేం. తల్లి ఏ ఆసుపత్రిలోనో ఉండొచ్చు, మేనమామ పక్క ఊళ్లో వెతుకుతూ ఉండొచ్చు. ముందు బంధువులను వెతకాలి. ఆ తొందరలోనే పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లూ తిరుగుతుంటారు.

బడి మనిషిని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అన్నం, నీళ్లు, గుడారం అందాక అంతా అయిపోయిందనుకుంటాం. కాదు! భయపడిన బిడ్డకు రోజూ ఒకే వేళకు వెళ్లే చోటు కావాలి, పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి కావాలి, తోటి పిల్లలు కావాలి. యూనిసెఫ్ దగ్గర ఒక పెట్టె ఉంటుంది. 1994 రువాండా మారణకాండ తర్వాత శరణార్థి శిబిరాల కోసం రూపుదిద్దుకున్న ఆలోచన అది. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, కత్తెరలు, లెక్కించుకునే ఘనాలు, గంటలు నేర్పే గడియారం అన్నీ అందులోనే. మూతకు రంగు పూస్తే అదే నల్లబల్ల. నలభై మందికి చెట్టు కింద బడి మొదలైపోతుంది! బడి తెరిచారంటే పిల్లవాడికి రేపు అనేది ఒకటుందని అర్థమవుతుంది. డబ్బిచ్చేవారు ఏ పనికి ఇవ్వాలని నన్నడిగితే, దీనికే ఇవ్వమంటాను.

చివరగా మన ఇళ్ల విషయం. మొన్న వీధిలో లారీ వెళ్తే రెండో తరగతి గదిలో ముగ్గురు బల్లల కింద దూరారు. అడిగితే, రాత్రి అన్నం తింటూ భవనాలు కూలే వీడియోలు చూశామన్నారు. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ చేతికివ్వొద్దని జూన్ నుంచి ప్రతి సమావేశంలోనూ మనవి చేస్తూనే ఉన్నాను. ఆ వీడియోల్లో కొన్ని కంప్యూటర్‌తో తయారుచేసినవి, కొన్ని వేరే దేశాలవి. ఫార్వర్డ్ చేసేముందు ఒక్క నిమిషం ఆగడం పెద్దలకు కష్టం కాకూడదు. పిల్లలు అడిగితే నిజం చెప్పండి, చిన్నగా, కూర్చోబెట్టుకుని.

పరీక్షలు ముగుస్తున్నాయి, 23 చివరి పనిదినం, జూన్ 12న మళ్లీ బడి. బస్సు బకాయిలు కట్టేయండి. నీళ్ల సీసా లేకుండా ఎవరినీ పంపకండి.

మూటలు స్టేజీ వెనుక గదిలో ఉన్నాయి. శనివారం లోపు ఎవరివి వారు తీసుకెళ్లండి.

ప్రధానోపాధ్యాయురాలు