160కి తిప్పితే 200 దాటే ఓవెన్: బేరిపళ్ల కస్టర్డ్ సాక్షిగా ఒక ఫిర్యాదు

హైదరాబాద్,
సెప్టెంబర్ 15, 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 28 లీటర్ల ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) వేడి తప్పుగా ఉండటం, రిపేరు చేయకుండానే కంప్లెయింట్ మూసేయడం గురించి.

నమస్కారం.

జూలై చివర్లో మీ వెబ్‌సైట్‌లోనే 7,490 రూపాయలు పెట్టి ఈ ఓటీజీ కొన్నాను. బిల్లు జతచేస్తున్నాను. మొదటి నెలంతా బిస్కెట్లు, రెండు కేకులు, ఒకసారి పనీర్ టిక్కా చేశాను. అన్నీ పుస్తకంలో చెప్పిన టైముకంటే ముందే రంగు తేలేవి. కొత్త వస్తువు కదా, ఇంకా చేయి కుదరలేదని సరిపెట్టుకున్నాను. అసలు సంగతి కస్టర్డ్ చేసిన రోజు గానీ బయటపడలేదు.

వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి కొత్తపేటలో తోపుడు బండి మీద బేరిపళ్లు కొన్నాను. కట్టిన రోజు రాళ్లలా ఉన్నాయి. బేరి పండు తీరే అంత, చెట్టు మీద కాదు, కోశాక ఇంట్లో పండుతుంది. అదీ లోపలి నుంచి బయటికి. అందుకే పైన మెత్తబడే దాకా ఆగితే లోపల కుళ్లిపోతుంది. ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి, కాస్త దిగితే చాలు, తినొచ్చు. అయిదో రోజు నిమజ్జనం అయ్యేసరికి మావి సరిగ్గా ఆ పాకాన ఉన్నాయి. పూజ పళ్లలో గుడ్లేమిటని మా అత్తగారు కాస్త నొచ్చుకున్నారు గానీ, ‘పూజ అయిపోయింది కదత్తయ్యా’ అని ఒప్పించాను. మీ ఓవెన్‌తోపాటు వచ్చిన వంటల పుస్తకంలోనే ‘బేరిపళ్ల కస్టర్డ్’ ఉంది. అర లీటరు పాలు, నాలుగు గుడ్లు, 100 గ్రాముల పంచదార, కాస్త వెనిలా, మూడు బేరిపళ్లు. 160 డిగ్రీల్లో 45 నిమిషాలు. ఇంతకంటే సులువైనది ఏముంటుంది అనిపించింది.

ఆగస్టు 31, ఆదివారం సాయంత్రం చేశాను. పాలు గోరువెచ్చగా చేసి, గుడ్లూ పంచదారా నురగ రాకుండా కలిపి, వడకట్టి, గాజు గిన్నెలో పరిచిన పండు ముక్కల మీద పోశాను. ఓవెన్‌ను పావుగంట ముందుగా వేడి చేశాను. 25 నిమిషాలకే మాడువాసన వస్తే తలుపు తీశాను. అంచుల్లో బుడగలు పొంగుతున్నాయి. పైన పల్చటి తోలు కట్టి అక్కడక్కడా నల్లబడింది. గరిటె పెడితే లోపలంతా గుల్లలు గుల్లలుగా విరిగిపోయి, పసుపుపచ్చని నీళ్లలో బేరి ముక్కలు తేలుతున్నాయి.

నేను పుట్టింది గోదావరి పక్క పల్లెలో. ఇంట్లో గేదె ఈనితే జున్ను మా అమ్మే వండేది. జున్ను మంట ఎక్కువై ఉడికితే ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. రంధ్రాలు పడుతుంది, నీరు ఊరుతుంది, నోట్లో రబ్బరులా సాగుతుంది. మీ ఓవెన్‌లోంచి వచ్చింది అచ్చం అదే. గుడ్లూ పాలూ కలిసిన కస్టర్డ్ 80, 85 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. ఆ పైన ఇంకాస్త వేడెక్కితే చాలు, విరిగిపోతుంది. కేకు పది డిగ్రీలు అటూఇటూ అయినా మన్నిస్తుంది, కస్టర్డ్ మన్నించదు. అందుకే నెలరోజులు దాగిన తప్పు ఒక్క సాయంత్రంలో బయటపడింది.

మర్నాడు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కాదనను. అంతా విని, “మేడమ్, కస్టర్డ్ పౌడర్ వాడండి, విరగదు” అంది. విరగదు, నిజమే. కస్టర్డ్ పౌడర్ అంటే రంగూ వాసనా కలిపిన మొక్కజొన్న పిండి. భార్యకు గుడ్లు పడవని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన కనిపెట్టాడు. దాన్ని స్టవ్ మీద కుతకుత మరిగించినా ఏమీ కాదు. కానీ మీ పుస్తకంలో ఉన్నది గుడ్ల కస్టర్డ్. నేను అడిగింది ఓవెన్ సంగతి, వచ్చిన సలహా వంట మార్చుకోమని. చెప్పు కరుస్తోందంటే కాలు మార్చుకోమన్నట్టుంది.

అయినా తప్పు నాదే కావచ్చని ఇంకోసారి చూశాను. మా అమ్మాయి ఫ్రాన్స్‌లో రెండేళ్లు చదువుకుంది. ఫోటో పంపితే, “అమ్మా, గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టలేదా?” అని అడిగింది. మీ పుస్తకంలో ఆ మాటే లేదు. కస్టర్డ్ గిన్నెను వేడినీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో పెడితే చుట్టూ ఉన్న నీరు వేడిని అదుపులో ఉంచుతుంది. మనం జున్నుకు చేసే పని కూడా ఇదే కదా, అప్పుడు నాకెందుకు తట్టలేదో! ఫ్రాన్స్‌లోని లిముజాన్ వైపు బేరిపళ్లతో ఫ్లోన్యార్డ్ అని చేస్తారట. దాంట్లో మైదా పడుతుంది కాబట్టి కాస్త వేడి ఎక్కువైనా తట్టుకుంటుంది, నీళ్ల పళ్లెం అక్కర్లేదు. మీ పుస్తకం రాసినవారు ఆ వంటలో నుంచి మైదా తీసేసి, మిగతాది అలాగే ఉంచారేమోనని నా అనుమానం.

సెప్టెంబర్ 3న నీళ్ల పళ్లెంతో చేశాను. ఈసారి బేరి కస్టర్డ్ గిన్నె పక్కనే, పండ్లు లేని ఉత్త కస్టర్డ్ కూడా రెండు స్టీలు గిన్నెల్లో పోసి పెట్టాను. బేరి పండు వేడికి నీరు వదులుతుంది, రేపు మీవాళ్లు నేరం పండు మీదకు నెడతారని ముందే అనుకున్నాను. 160లో ఆ పళ్లెంలో నీళ్లు మరగకూడదు. 20 నిమిషాలకు సలసల మరిగి, ఎగిరి కస్టర్డ్‌లో కూడా పడ్డాయి. పండ్లు వేసిందీ విరిగింది, వేయనివీ విరిగాయి. ఆ రాత్రే కంప్లెయింట్ పెట్టాను.

సెప్టెంబర్ 6న టెక్నీషియన్ వచ్చాడు. ఓవెన్ ప్లగ్ పెట్టి, రాడ్లు ఎర్రబడటం చూసి, “హీట్ వస్తోంది కదా మేడమ్” అన్నాడు. రాకపోతే కదా నయం, ఎక్కువ వస్తోందయ్యా అన్నాను. వోల్టేజీ ఎక్కువై ఉంటుందన్నాడు. వోల్టేజీ ఎక్కువైతే ఓవెన్ తొందరగా వేడెక్కుతుంది, అంతే. 160 దగ్గర ఆపాల్సింది థర్మోస్టాట్. అది ఆపాక వోల్టేజీ ఎంత ఉంటే ఏం? ఈ మాటంటే నవ్వాడు. తర్వాత నేను అనుకున్నట్టే బేరిపళ్ల మీదకు వచ్చాడు. పండ్లు వేయని గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి చూపించాను. దాన్ని చూసి, “గుడ్లు బాగోలేవేమో” అన్నాడు. పక్క ప్యానెల్ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. అతని బ్యాగులో థర్మామీటర్ లేదు.

వెళ్లేముందు విజిటింగ్ ఛార్జీ 350 తీసుకున్నాడు. వారంటీ ఉంది కదా అంటే, లోపం దొరకలేదు కాబట్టి ఛార్జీ పడుతుందన్నాడు. వెతకలేదు కాబట్టి దొరకలేదు. “ఓటీపీ చెప్పండి మేడమ్, విజిట్ ఎంట్రీ చేయాలి” అంటే, ఎండన పడి వచ్చిన పిల్లాడు కదా అని చెప్పాను. అతను లిఫ్ట్ దిగకముందే నాకు మెసేజ్ వచ్చింది: మీ కంప్లెయింట్ పరిష్కారమైంది, కస్టమర్ తృప్తి చెందారు అని. నేనెప్పుడు తృప్తి చెందానండీ? ఆ ఒక్క మాటకు నాకు విరిగిన కస్టర్డ్ కంటే ఎక్కువ ఒళ్లు మండింది. పిల్లాణ్ణి తప్పుపట్టను. రోజుకు ఎన్ని కంప్లెయింట్లు మూస్తే అంత అని మీరే అతనికి లెక్క పెట్టి ఉంటారు.

ఆ తర్వాత మీరు చేయాల్సిన పని నేను చేశాను. ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ 420 రూపాయలకు తెప్పించాను. మధ్య ర్యాకులో పెట్టి, ప్రతిసారీ అరగంట ఆగి చూశాను. నాబ్ 120 మీద ఉంటే లోపల 158. నాబ్ 160 మీద ఉంటే 203. 200 పెడితే 248. థర్మామీటర్ మీద కూడా అనుమానపడి, ఒక స్టీలు పళ్లెంలో చెంచాడు పంచదార పోసి నాబ్ 160లో పెట్టాను. పంచదార కరగాలంటే దాదాపు 186 డిగ్రీలు కావాలి. 160లో పావుగంట ఉన్నా పొడిగానే ఉండాలి. నాది కరిగి, ఎర్రటి పాకమై పళ్లానికి అతుక్కుంది. ఫోటోలు జతచేశాను. ఆ పళ్లెం ఇంకా గీకుతూనే ఉన్నాను.

సెప్టెంబర్ 12న చివరిసారి చేశాను. నాబ్‌ను 120 మీద పెట్టాను, అంటే లోపల దాదాపు మీ పుస్తకం అడిగిన 160. నీళ్ల పళ్లెం పెట్టాను. బేరి ముక్కల్ని ముందు చెంచా వెన్నలో రెండు నిమిషాలు వేయించి, ఊరిన రసం పక్కకు తీసేశాను. 45 నిమిషాలకు గిన్నెను కదిపితే అంచులు నిలిచి, నడుమ రూపాయి బిళ్లంత మేర వణికింది. తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కోశాను. కత్తి దిగిన చోట గోడలా నిలబడింది, చుక్క నీరు లేదు. పండు అక్కడక్కడా ఇసుక పలుకుల్లా పంటికి తగులుతూ, చుట్టూ కస్టర్డ్ మీగడలా జారిపోయింది. గుడ్లేమిటన్న మా అత్తగారే రెండోసారి పెట్టించుకున్నారు. గుడ్లు అదే షాపువి, పండ్లు అదే బండివి, చేసింది నేనే. పండు వేయించడం పక్కన పెడితే, మారింది నాబ్ ఒక్కటే.

అలాగే నలభై తగ్గించి వాడుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. నాబ్ 100తో మొదలవుతుంది, దానికంటే తక్కువ వేడి కావాలంటే నేనెక్కడికి తిప్పాలి? తేడా కూడా ఒకచోట 38, ఇంకోచోట 48. ఈ వేడి రేపు ఇంకా పెరగదని ఎవరు చెబుతారు? ఇంట్లో మనవడు తిరుగుతుంటాడు, అదొక టెన్షన్.

పుస్తకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలుగు పేజీల్లో ‘పిండిని మెల్లగా మడతపెట్టండి’ అని ఉంది. మెల్లగా కలపమని కాబోలు. పిండిని మడతపెట్టడానికి అదేమైనా దుప్పటా? ‘అమర్చబడే వరకు కాల్చండి’ అంటే గట్టిపడే దాకా ఉంచమని అని అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. తెలుగు వచ్చిన, వంట తెలిసిన మనిషి చేత ఒకసారి చదివించండి. కస్టర్డ్ దగ్గర నీళ్ల పళ్లెం సంగతి తప్పక చేర్చండి.

నాకు కావలసింది ఇది. థర్మోస్టాట్ మార్చి, నా ఎదుట థర్మామీటర్ పెట్టి చూపించాలి. అది కుదరకపోతే ఓవెన్ మార్చాలి, లేదా 7,490 వెనక్కి ఇవ్వాలి. 350 విజిటింగ్ ఛార్జీ ఎలాగూ తిరిగి ఇవ్వాలి. ‘తృప్తి చెందారు’ అన్న ఎంట్రీ తీసేసి కంప్లెయింట్‌ను మళ్లీ తెరవాలి. మీ వెబ్‌సైట్‌లో కొన్నాను కాబట్టి, 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అప్పటికీ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా ఉండదు. అంతదాకా రాకూడదనే కోరుకుంటున్నాను. తలుపు, ట్రేలు, లైటు, మిగతా ఓవెన్ అంతా నాకు బాగానే నచ్చింది.

టెక్నీషియన్‌ను పంపితే ఆదివారం ఉదయం పంపండి. థర్మామీటర్ లేకపోతే నాది ఇస్తాను. బేరిపళ్లు తెచ్చి పెడతాను, అతని ముందే కస్టర్డ్ ఓవెన్‌లోకి వెళ్తుంది. 45 నిమిషాలు కూర్చోవాలి, కాఫీ ఇస్తాం. ఈసారి ఓటీపీ మాత్రం గిన్నె కదిపి చూశాకే చెబుతాను.

ఇట్లు,
మీ కస్టమర్,
మలక్‌పేట, హైదరాబాద్.

జతపరిచినవి: బిల్లు, కంప్లెయింట్ మూసినట్టు వచ్చిన మెసేజ్, థర్మామీటర్ ఫోటోలు మూడు, పంచదార పళ్లెం ఫోటో, విరిగిన కస్టర్డ్‌వి రెండు, విరగనిది ఒకటి.