డీజిల్‌కు రాయితీ ఇచ్చారు సరే, దాన్ని పడవలో ఎక్కడ పెట్టుకోమంటారు? – మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగకు కాస్త ఎగువన ఒక చిన్న రేవులో తెరచాప పడవ నడుపుకుని బతికే మత్స్యకారుడు నమస్కరించి రాసుకునే లేఖ.

అయ్యా, చిన్న పడవలో డీజిల్ ఎక్కడ పెట్టుకోవాలన్న విషయమై ఇంతకు ముందే నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోది ఇచ్చినప్పుడు మొదటిది పరిశీలనలో ఉందన్నారు. మూడోది ఇచ్చిన పది రోజులకు సమస్య పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కారమైందో నాకూ తెలిస్తే బాగుంటుందని నాలుగోది పట్టుకెళితే, పరిష్కారమైపోయిన అర్జీని మళ్ళీ తెరవడం కుదరదని చెప్పి పంపేశారు. ఆ గుమ్మం తొక్కే ఓపిక ఇక లేదు కనుక, నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

డీజిల్ రాయితీ సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. లీటరుకు 9 రూపాయలు, ఇంజన్ బిగించుకున్న చిన్న పడవకు నెలకు 300 లీటర్ల వరకు అన్న లెక్కలన్నీ మీ దస్త్రాల్లోనే ఉన్నాయి. ఆ రూపాయలు ఎప్పుడు పడ్డాయి, ఎప్పుడు పడలేదు అని ఇక్కడ ఏకరువు పెట్టను; అది వేరే లేఖ అవుతుంది. ఆ లీటర్లను పడవలో ఎక్కడ ఉంచుకోవాలో, వాటి పక్కన ఉండకూడని సామాను మరెక్కడ పెట్టుకోవాలో చెప్పమని మాత్రమే నా ప్రార్థన.

నా పడవ పొడవు 28 అడుగులు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తుతాం. గాలి పడిపోయినా, మొగ దగ్గర పోటుకు ఎదురు వెళ్ళవలసి వచ్చినా ఇంజన్ వేస్తాం. తెరచాప ఉందిగా, నీకు డీజిల్ ఖర్చే తక్కువ, ఇక భయమేమిటయ్యా అని ఒక అధికారి గారు నవ్వుతూ అన్నారు. తక్కువ వాడతాం కాబట్టే నింపిన క్యాన్లు రోజుల తరబడి పడవలోనే పడి ఉంటాయని ఆయనకు చెప్పబోయాను, ఆయన అప్పటికే వేరే కాగితం చూస్తున్నారు. పెద్ద బోట్లకు ట్యాంకుకు ఒక చోటు, వంటకు ఒక చోటు, వలలకు ఒక చోటు అంటూ ఉంటాయి. మాకు తడవని చోటు ఒక్కటే, అది ముందు బల్ల కింద అరుగంత జాగా. అందులోనే ఇనుప ట్యాంకు, అందులోనే రెండు డీజిల్ క్యాన్లు, వాటి మీద చుట్టిన తెరచాప పట్టా, పక్కన నైలాను వల, వల పక్కన దీపానికి పెట్టుకున్న బ్యాటరీ, ఆ పక్కనే బియ్యం మూట, గ్యాసు పొయ్యి, అయిదు కిలోల సిలిండరు, ఇంజన్ తుడిచిన పాత గుడ్డలు. వానకు తడవకూడనివీ నిప్పుకు దగ్గర కాకూడనివీ ఒకే చోట కాపురం చేస్తున్నాయి మంత్రి గారూ.

ఇందులో ప్రమాదం ట్యాంకు ఒక్కదానిలోనే లేదని మాకు అనుభవం మీద తెలిసింది. పడవ ఊగినప్పుడల్లా లంగరు గొలుసు ట్యాంకు గొట్టానికి రాసుకుంటుంది, గొట్టం పల్చబడి బొట్టుబొట్టుగా కారుతుంది. తొట్టెలో ఉన్న డీజిల్ దగ్గర అగ్గిపుల్ల గీసినా వెంటనే అంటుకోకపోవచ్చు గానీ, అదే డీజిల్ వలకో గుడ్డకో పీల్చుకుంటే దీపం వత్తిలా మండుతుంది. ట్యాంకును నేరుగా పడవ అడుగున దించితే కింద నిలిచిన ఉప్పునీటికి అడుగు రేకు తుప్పు పడుతుంది. తడి గోనెసంచి కప్పితే పైనుంచి కూడా పడుతుంది. చెక్క పట్టీల మీద ఎత్తుగా కూర్చోబెట్టి, చుట్టూ గాలి ఆడేలా, కదలకుండా కట్టాలని మాకు తెలుసు. దాని చుట్టూ జానెడు ఖాళీ వదిలితే వలలు నెత్తిన పెట్టుకుని కూర్చోవాలి.

పెట్రోలు ఇంజన్లు పెట్టుకున్న కుర్రవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, వంటగ్యాసూ అంతే. రెండూ పైకి పోవు, పడవ అడుగున చేరి అక్కడే పడుకుంటాయి. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు పెట్రోలు ఆవిరి కలిసినా చాలు, బ్యాటరీ తీగ వదులై ఒక్క నిప్పురవ్వ రాలితే భగ్గుమంటుంది. గ్యాసు నేలబారున పాకి ఒక పొయ్యి కోసం ఎలా కాచుకుని ఉంటుందో కోనసీమ వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ గ్యాసు పైపులైను పేలినప్పుడు ఏం జరిగిందో ఇక్కడ పసిపిల్లలను అడిగినా చెబుతారు. 2018 మేలో దేవీపట్నం దగ్గర పర్యాటకుల బోటు తగలబడింది. 2023 నవంబరులో విశాఖ హార్బరులో పదుల కొద్దీ బోట్లు బూడిదయ్యాయి. పదిహేను రోజులు తిరక్కుండానే భైరవపాలెం దగ్గర సముద్రంలో వేట బోటు మండుతుంటే పదకొండు మందిని కోస్ట్‌గార్డు వాళ్ళు కాపాడి తెచ్చారు. ఇన్ని జరిగినా మా రేవులో ట్యాంకు పక్కన ఏముందో వంగి చూసిన అధికారి ఒక్కరూ లేరు.

మా బావమరిది పడవలో జరిగింది కూడా చెబుతాను. రెండేళ్ళ కిందట, కార్తీకంలో, మొగ దాటి లంగరు వేసుకుని అన్నం వండుకుంటున్నారు. కారిన డీజిల్ వల మడతల్లోకి ఇంకిందని ఎవరూ చూసుకోలేదు. పొయ్యి మంట గాలికి పక్కకు వాలింది, వల అంటుకుంది. తోడుడు చిప్పతో నీళ్ళు పోస్తే డీజిల్ నీటి మీద తేలి మంట ఇంకా పాకింది. ట్యాంకు గొట్టం కట్టేయడానికి చెయ్యి పెట్టినవాడికి మోచేతి దాకా కాలింది. తడిపిన తెరచాప పట్టా కప్పి ఎలాగో ఆర్పారు, అంతే అదృష్టం. సాయం కోసం వెళితే పడవ మునిగిందా అని అడిగారు. మునగలేదండీ, కాలింది అన్నాం. తుఫానులో కాలిందా అని అడిగారు. మామూలు రోజున కాలినదానికి ఆ ఫారంలో గడి లేదట.

ఆ తర్వాత మా రేవులో ఒక అవగాహన సదస్సు పెట్టారు. ప్రతి చిన్న పడవకూ మూత, తాళం, గాలి రంధ్రాలు ఉన్న ఇంధనపు పెట్టె ఇస్తామని, గట్టు మీద క్యాన్లు దాచుకోవడానికి పక్కా గది కట్టిస్తామని మైకులో చెప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం, ఫోటోలూ దిగాం. పెట్టెలు రాలేదు. గది కోసం ముగ్గు పోసిన చోట ఇప్పుడు ఎండు చేపలు ఆరబోస్తున్నారు. స్టిక్కర్లు మాత్రం వచ్చాయి: “జాగ్రత్త, మండే పదార్థం” అని ఎర్రటి అక్షరాలతో, మెరిసే కాగితం మీద. ఆ కాగితం కూడా మండే పదార్థమేనని మనవి.

క్యాన్ల సంగతి చూడండి. ప్లాస్టిక్ క్యాన్ పట్టుకెళితే బంకులో పొయ్యరు, అది న్యాయమే. పోయడానికి వీలైన క్యాన్ ఎక్కడ దొరుకుతుందంటే బంకువాళ్ళూ చెప్పరు, మీ వాళ్ళూ చెప్పరు. అమ్మకానికి కాకుండా ఇంట్లో 30 లీటర్ల పెట్రోలు దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదని 1934 నాటి పెట్రోలియం చట్టంలో ఉందని మా ఊరి మాస్టారు చదివి చెప్పారు. తొంభై ఏళ్ళ కిందటి దొరలు డబ్బా ఎంత ఉండాలో రాసిపెట్టారు గానీ, మన రాజ్యంలో ఆ డబ్బా రేవుకు చేరలేదు. చివరికి నూనె డబ్బాల్లో, మంచినీళ్ళ క్యాన్లలో తెచ్చి, తాటాకు పాకలో మంచం కింద పెట్టుకుంటున్నాం. మే నెల ఎండకు అంచు దాకా నింపిన క్యాన్ ఉబ్బి మూత దగ్గర చెమ్మగిల్లుతుంది. ఆ మంచం మీద నా మనవరాలు పడుకుంటుంది.

అయ్యా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవలన్నీ గట్టునే ఉంటాయి. పెట్టె బిగించాలన్నా, ట్యాంకు గాలి గొట్టం పడవ బయటికి తిప్పాలన్నా, పొయ్యికీ బ్యాటరీకీ వెనుక వైపు చోటు చూపాలన్నా అంతకంటే మంచి సమయం దొరకదు. ఇది నేను మూడో అర్జీలోనే రాశాను, పరిష్కారమైన అర్జీలో. పడవకు ఒక పెట్టె, ఒక సరైన డబ్బా, రెండు కిలోల పొడి రకం మంటలార్పే సిలిండరు, రేవుకు ఒక గది ఇప్పించండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు ఆ పెట్టె అయినా ఇప్పించండి. పెట్టె కూడా కుదరదంటే, ఒకసారి దయచేసి మా రేవుకు వచ్చి, నా పడవ ముందు బల్ల కింద తల పెట్టి చూసి, ఇందులో ఏది ఎక్కడికి జరపాలో మీ నోటితో చెప్పి వెళ్ళండి. స్టిక్కర్లు మాత్రం ఇక పంపకండి, ఇంకా ఒక కట్ట మిగిలే ఉంది.

ఇట్లు,
మీ విధేయుడు,
వశిష్ఠ ఒడ్డున ఒక చిన్న తెరచాప పడవ యజమాని