మాంచెస్టర్‌లో చదువుతున్న హారికకి

చిరంజీవి హారికకి, నాన్న ఆశీస్సులు.

మీ యూనివర్సిటీకి విట్‌వర్త్ అనే ఆర్ట్ గ్యాలరీ ఉందనీ, రోజూ బస్సు దాని ముందు నుంచే వెళ్తుందనీ, లోపలికి మాత్రం ఇంతవరకూ వెళ్లలేదనీ మొన్న ఫోన్‌లో అన్నావు. టికెట్ లేదు కదమ్మా, వెళ్లు.

ఆ పేరు బాలానగర్‌లో లేత్ మీద పనిచేసే ఎవరికైనా తెలుసు. మన షెడ్డులో బీఎస్‌డబ్ల్యూ (బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్) అని రాసి ఉండే, నట్లకీ బోల్టులకీ మర కోసే ట్యాపులూ డైలూ చూశావుగా, అందులో డబ్ల్యూ అంటే ఆ జోసెఫ్ విట్‌వర్తే. ఆయనకు ముందు ఏ వర్క్‌షాపు థ్రెడ్, అదే మర, దానిదే. ఒకచోట చేసిన బోల్టుకి ఇంకోచోట చేసిన నట్టు ఎక్కేది కాదు. 1841లో ఆయన, మర కోణం 55 డిగ్రీలు ఉండాలి, అర అంగుళం బోల్టుకి అంగుళానికి 12 చుట్లు రావాలి అంటూ సైజు సైజుకీ లెక్క కట్టాడు. ఇప్పుడంతా మెట్రిక్, 60 డిగ్రీలు. అయినా పాత మిషన్ రిపేరుకొస్తే నేను ఆ ట్యాపులే తీస్తాను. తుపాకులు కూడా చేశాడులే, గొట్టం లోపల ఆరు పలకలతో. అమెరికా అంతర్యుద్ధంలో వాటిని వాడారు. 1887లో ఆయన పోయాక ఆ ఆస్తితోనే 1889లో గ్యాలరీ పెట్టారు. 1958లో అది యూనివర్సిటీ చేతికొచ్చింది.

పాత ఇంగ్లీషు చిత్రకారులు టర్నర్ నీటిరంగుల బొమ్మలు, బ్లేక్ బొమ్మలు ఉంటాయట, తప్పకుండా చూడు. 2003లో అక్కడ వాన్ గో, పికాసో, గోగాన్ బొమ్మలు మూడు పోయాయి. మర్నాడు పక్కనే మూతబడ్డ పబ్లిక్ టాయిలెట్ దగ్గర గొట్టంలో చుట్టి దొరికాయి. 'దొంగతనం మా ఉద్దేశం కాదు, మీ సెక్యూరిటీ ఎంత బలహీనమో చూపించాలని' అని చీటీ కూడా పెట్టారట. ఈ కథ చెప్తే మీ అమ్మ ఒకటే నవ్వు.

నేను నిన్ను చూడమనేది మాత్రం బట్టల్ని. మాంచెస్టర్ మిల్లుల ఊరు కాబట్టి డిజైన్ నేర్చుకునేవాళ్లకి నమూనాలుంటాయని 1890ల నుంచే పోగేశారు. ఈజిప్టు సమాధుల్లో దొరికిన వందల ఏళ్ల నాటి వస్త్రాల దగ్గర నుంచి ఇంగ్లీషు డిజైనర్ విలియం మోరిస్ పూల డిజైన్ల దాకా ఉన్నాయి. అన్నీ ఒకేసారి కనిపించవు. బట్టకి వెలుతురు శత్రువు. ఏడాదంతా గోడకి వేలాడదీస్తే రంగు వెలిసి నూలు చివికిపోతుంది. అందుకే మసక వెలుతురులో కొన్నాళ్లు పెట్టి మళ్లీ లోపల దాచేస్తారు. లోపలున్నవి చూడాలంటే ముందుగా మెయిల్ రాసి అడుగు. యూనివర్సిటీ పిల్లవి, నీకు కాకపోతే ఎవరికి చూపిస్తారు?

ఎందుకింత చెప్తున్నానంటే, మచిలీపట్నం పక్కన మీ అమ్మమ్మ వాళ్ల అద్దకం ఊరు పెడనకీ మాంచెస్టర్‌కీ పాత లెక్క ఉంది. కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలిపి గుడ్డ నానబెట్టడం, బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి నలుపు తీయడం, పటికతో ఎరుపు పట్టించడం చిన్నప్పుడు నువ్వూ చూశావు. ఆ చుట్టుపక్కల అద్దకం బట్టల కోసమే ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. అవి ఇంగ్లండులో ఎంత అమ్ముడుపోయాయంటే, వాళ్ల ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవపెట్టి 1700లో దిగుమతి ఆపించారు, 1721లో కట్టుకోవడమే నిషేధం చేయించారు. ఆ నిషేధం 1774 దాకా ఉంది. ఈలోగా వాళ్లు నూలు బట్ట నేయడం, అద్దడం నేర్చేసుకున్నారు.

తర్వాత వ్యవహారం తిరగబడింది. 1866లో లండన్‌లో ఇండియా మ్యూజియం చూసే జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు బట్టల ముక్కలు 700 కత్తిరించి, 18 సంపుటాలుగా అంటించి, అలాంటి సెట్లు 20 చేయించాడు. వాటిలో 13 అక్కడి మిల్లుల ఊళ్లకీ లండన్‌కీ ఇచ్చారు. మనవాళ్లు ఏం కట్టుకుంటారో చూసి అదే నేసి మనకే అమ్మమని! ఒక సెట్టు మీకు దగ్గర్లోనే ప్రెస్టన్‌లో హారిస్ మ్యూజియంలో ఉంది, సెలవు రోజు రైలెక్కు. ముక్క పక్కన ఊరు, పొడవు, వెడల్పు, బరువు ఉంటాయి. నేసినవాడి పేరు ఉండదు. బోల్టుకి కొలత కట్టినవాడి పేరు మాత్రం భవనానికే పెట్టుకున్నారు. ఆయన పని గొప్పదే, నేను కాదనను. కానీ అచ్చు కొట్టిన మీ తాతయ్య చెయ్యి తెలిసినవాణ్ని కదా, నాకది మింగుడుపడదు.

మనవైపు అద్దకం ముక్క ఏదైనా కనిపిస్తే వెనక్కి తిప్పి చూపిస్తారేమో అడగమంది అమ్మ. రంగు ఆవలికి ఎంత దిగిందో, అచ్చుకీ అచ్చుకీ మధ్య గీత కనిపిస్తుందో లేదో చూడమంది. ఫోటో తీయనిస్తే ఆమెకే పంపు, నాకొద్దు. నాకు పాత తలుపు బోల్టులు ఏవైనా కనిపిస్తే చాలు.

ఉంటాను తల్లీ. వేళకి తిను. ఫీజు రెండో వాయిదా సోమవారం పంపిస్తాను, టెన్షన్ పెట్టుకోకు.

మీ నాన్న