వెనక లైట్ల సంగతి, ముందు ఎర్త్ చూడు

రేయ్ మామా,

ఆ ఎల్ఈడీ బల్బులు అప్పుడే ఆర్డర్ పెట్టొద్దు. కొత్త వైరింగ్ సెట్టు మాట కూడా కొన్నాళ్లు పక్కన పెట్టు. పార్కింగ్ లైట్లు వేసుకుని బ్రేక్ తొక్కితే నీ ప్రీమియర్ పద్మిని కారుకు ఎడమ వైపు మొత్తం ఆరిపోతోందని రాశావు చూడు, అచ్చం అదే జబ్బు మా అంబాసిడర్‌కు వచ్చి ఈ మధ్యే నయమైంది. బల్బులు బాగున్నాయి, ఫ్యూజు బాగుంది, బ్రేక్ స్విచ్చీ బాగుంది. పోయింది ఎర్త్, అంటే కరెంటు బండి బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి పోయే దారి. నీదీ అదే అయ్యుంటుందని నాకు గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా కూర్చుని చదువు.

వెనక ఉండేది రెండు ఫిలమెంట్ల బల్బు కదా. 5 వాట్లది పార్కింగ్‌కు, 21 వాట్లది బ్రేక్‌కు. కరెంటు లోపలికి రావడానికి దారులు రెండున్నాయి గానీ బయటికి పోవడానికి ఉన్నది ఒక్కటే, ఆ ఇత్తడి టోపీ. టోపీ హోల్డర్‌కు ఆనాలి, హోల్డర్ బాడీకి ఆనాలి, బాడీ మీదుగా కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరాలి. ఎడమ వైపు ఆ దారి తెగిపోయిందనుకో. పార్కింగ్ వేస్తే కరెంటు 5 వాట్ల ఫిలమెంటులోకి వస్తుంది, బయటికి పోలేక పక్కనున్న బ్రేక్ ఫిలమెంటులోంచి వెనక్కి ఎక్కి, బ్రేక్ వైరు పట్టుకుని కుడి వైపు బ్రేక్ బల్బుకు పోయి, అక్కడ ఎర్త్ అవుతుంది. వెలగని 21 వాట్ల ఫిలమెంటుకు రెసిస్టెన్సు ఒక ఓమ్ కూడా ఉండదు, అందుకే ఆ చుట్టుదారిలో కూడా ఎడమ పార్కింగ్ లైటు దాదాపు మామూలుగానే వెలుగుతుంది, చూసేవాళ్లకు తేడా తెలియదు. ఇప్పుడు బ్రేక్ తొక్కు. ఆ చుట్టుదారిలోకి కూడా 12 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. రెండు కొసల్లోనూ అవే 12 వోల్టులు ఉంటే కరెంటు పారేదెక్కడ? రెండు ఫిలమెంట్లూ ఆరిపోతాయి. బ్రేక్ తొక్కితే ఆరిపోతోంది కాబట్టి బ్రేక్ లైనులోనే తప్పుందని అందరం అనుకుంటాం. నీకు ఆ మెకానిక్ బ్రేక్ స్విచ్చి మార్చమన్నది కూడా అందుకే.

ఇంకో పరీక్ష చెప్తాను. పార్కింగ్ ఆపేసి ఉత్త బ్రేక్ తొక్కి, వెనక ఎవరినైనా నిలబెట్టి చూడమను. ఎర్త్ లేని వైపు బ్రేక్ లైటు పార్కింగ్ లైటంత సన్నగా వెలుగుతుంది, కుడి వైపు మాత్రం భగ్గుమంటుంది. అలా కనబడిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

వోల్టులు చూసే మీటరు విషయంలో జాగ్రత్త. బల్బు పీకేసి హోల్డర్‌లో మీటరు పెడితే రెండు పాయింట్ల దగ్గరా నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. చూపించక ఏం చేస్తుంది, మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, తుప్పు మీంచి, ఒకే ఒక్క పోగు మీంచి కూడా అది వచ్చేస్తుంది. అదే వైరు మీద 21 వాట్ల బల్బు పెడితే పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగాలి, అప్పుడు బయటపడుతుంది దాని బండారం. అందుకే బల్బులు పెట్టే ఉంచి, లైట్లు వేసి, ఎవరినైనా బ్రేక్ మీద కాలు పెట్టమని కూర్చోబెట్టి, మీటరు ఒక కొసను హోల్డర్ లోహానికీ, రెండో కొసను పొడుగాటి వైరు కట్టి ముందున్న బ్యాటరీ నెగటివ్‌కూ ఆనించు. బాగున్న వైపు అర వోల్టు కూడా రాకూడదు. మా బండికి ఎడమ వైపు 11 దాటింది! మీటరు చూసి నేను, కాలు కింద పెట్టకుండా మా తమ్ముడు, ఇద్దరం ఒక్కసారే కేక వేశాం.

మా బండికి ఇది ఎందుకొచ్చిందో నీకు తెలిసిన కథే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నాన్న బండి డిక్కీ పైదాకా నీళ్లలో ఉండింది. ఇంజను విప్పి కడిగించాం, సీట్లు మార్పించాం, తర్వాత పెయింటు కూడా వేయించాం. వెనక లైట్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెయింటు వేసినాయన లైటు కింద కొత్త రబ్బరు ప్యాకింగు పెట్టి, దాని కిందా పైనా మందంగా రంగు కొట్టేశాడు. ఇక హోల్డర్‌కూ బాడీకీ మధ్య మిగిలింది బిగించే స్క్రూ ఒక్కటే. దాన్ని విప్పితే సగం అరిగి, ముట్టుకుంటే ఎర్రగా పొడి రాలింది. హోల్డర్ అడుగున వరద ఒండ్రు ఇంకా ఉంది మామా, గట్టిపడి, గోటితో గీకితే పొరలు పొరలుగా లేచింది. లోపలి స్ప్రింగు తుప్పులో కలిసిపోయి ఉంది.

అక్కడితో అయిపోలేదు. ఎర్ర పార్కింగ్ వైరు తొక్క తీస్తే రాగి నల్లగా బొగ్గులా ఉంది. కొసల నుంచి నీళ్లు పోగుల మధ్యగా లోపలికి పీల్చుకుపోతాయి, పైన తొక్క మాత్రం కొత్తదానిలా మెరుస్తుంటుంది. జానెడు కోస్తే గానీ మెరిసే రాగి కనబడలేదు. నల్ల రాగికి టంకం పట్టదు, ఎంత కాల్చినా ముద్దగా జారిపోతుంది, కాబట్టి మెరిసేదాకా కోయాల్సిందే, తక్కువైన చోట కొత్త ముక్క వేయాల్సిందే. ఇంట్లో వాడే ఒంటి తీగ వైరు మాత్రం వేయనీయకు, బండి అదురుకు విరిగిపోతుంది. పోగుల వైరే వేయించు. ఊరికే మెలేసి టేపు చుట్టే పని అసలు ఒప్పుకోకు, మన ఎండలకు ఆ టేపు జిగురు కారిపోయి ఊడొస్తుంది.

నేను చేసింది ఇదీ. రెండు హోల్డర్లకూ విడివిడిగా నల్ల వైరు టంకం పెట్టి, రెండింటినీ డిక్కీలో ఒకే బోల్టు కిందికి తెచ్చాను. ఆ చోట రంగంతా గీకి, ఉత్త ఇనుము తెల్లగా కనబడేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూశాను. ఇక స్క్రూ తుప్పుపట్టినా, ప్యాకింగు మారినా లైటుకు ఏమీ కాదు. డిక్కీ మూతకు పోయే నంబర్ ప్లేట్ లైటు వైరు కూడా చూడు, మూత తెరిచి మూసే చోట తొక్క పగిలి ఉంటుంది.

రంగుల విషయంలో నా మాట పట్టుకోకు. అంబాసిడర్ పుట్టుక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాబట్టి మాది ఇంగ్లండు పద్ధతి, పార్కింగ్‌కు ఎరుపు, బ్రేక్‌కు ఆకుపచ్చ మీద ఊదా గీత, ఎర్త్‌కు నలుపు. నీది ఫియట్ 1100 నుంచి వచ్చిన బండి, దాని లెక్క వేరు. పైగా ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో, ప్రతి వైరునూ టెస్ట్ ల్యాంపుతో చూసుకునే ముట్టుకో.

ఎల్ఈడీ ఎందుకు వద్దన్నానంటే, ఎర్త్ సరిగా లేకపోతే అవీ పిచ్చిగానే వెలుగుతాయి. ఇండికేటర్లకు కూడా వేశావంటే వాటిని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్‌కు ఆ చిన్న లోడు చాలదు, సరిగా కొట్టుకోదు. ఎర్త్ బాగయ్యాక కూడా కావాలనుకుంటే ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్ఈడీయే పెట్టు, తెల్లది పెడితే సగం వెలుగు అద్దమే మింగేస్తుంది.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు గుత్తి, డోన్ మీదుగా రాత్రిపూట వస్తానన్నావు. హైవే మీద వెనక వచ్చే లారీవాడికి మన బండి గురించి తెలిసేది ఆ రెండు ఎర్ర చుక్కలతోనే. సరిగ్గా బ్రేక్ తొక్కినప్పుడే ఒకటి ఆరిపోతే వాడు నిన్ను మోటార్‌సైకిల్ అనుకుని పక్క నుంచి దూరతాడు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది రా. ఇది అయ్యేదాకా పగలే రా, లేదా బస్సెక్కు.

ఈ ఆదివారం మీ పిల్లోణ్ని బ్రేక్ మీద కూర్చోబెట్టి ఆ ఎడమ హోల్డర్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో రాయి. అర వోల్టు లోపు వస్తే నేను చెప్పిందంతా వదిలేసి స్విచ్చి వైపు వెతుకుదాం. వదినకు అడిగానని చెప్పు.

నీ మామ
కర్నూలు