కార్డు కోసం ఆగాలా మామా?

ఒంగోలు

మామా,

కొత్త సిరీస్ వచ్చాక ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల రేట్లు పడిపోతాయేమో, అందాకా ఆగనా అని అడిగావు. ఆగొద్దు.

2021లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 3060 వచ్చినప్పుడు 329 డాలర్లు, 12 జీబీ మెమరీ. 2023లో 4060ని 299కి ఇచ్చారు. రేటు తగ్గిందని అందరూ సంతోషించారు గానీ మెమరీ 8 జీబీకి దిగింది. 2025లో వచ్చిన 5060 కూడా అదే 299, అదే 8 జీబీ. పేరు చివర 60 ఉన్నంత మాత్రాన పాత లెక్క పట్టుకుని కూర్చుంటే ఎట్లా? నువ్వు 4కే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడివి, మెమరీ చాలకపోతే టైమ్‌లైన్ నత్తనడకే.

ఇంకోటి, కొత్త కార్డు విడుదల చేస్తూ కంపెనీ స్టేజీ మీద డాలర్లలో చెప్పే రేటుకి మన ట్రంక్ రోడ్డు షాపులో చెప్పే రేటుకి చాలా తేడా ఉంటుంది. 5070నే తీసుకో. 2025లో 549 డాలర్లన్నారు. డాలరు 86 రూపాయలనుకున్నా 47 వేల పైచిలుకు. దాని మీద 18 శాతం జీఎస్‌టీ. మన దేశంలో కంపెనీ ప్రకటించిన ధర 59,000. అమెరికాలో పన్ను విడిగా ఉంటుంది, ఇక్కడిది ధరలోనే కలిసి వస్తుంది. ఇది తెలియక చాలామంది షాపువాడితో గొడవ పడతారు, పాపం.

2020లో 3080ని 699 డాలర్లన్నారు. క్రిప్టో మైనింగ్ వాళ్లు, అంటే ఈ కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించేవాళ్లు, ఎగబడటంతో ఆ రేటుకి దొరికినవాడే అదృష్టవంతుడు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ నాణెం మైనింగ్ ఆగిపోయాకే ఊపిరాడింది. ఇప్పుడు ఆ చోటికి ఏఐ వచ్చింది. మెమరీ చిప్పులు చేసే శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ డేటా సెంటర్ల ఆర్డర్లకే ముందు పెద్దపీట వేస్తున్నాయి. 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎట్లా ఎగిరాయో నువ్వూ చూశావుగా. కార్డు మీద ఉండేదీ మెమరీయే, దానికి మాత్రం సెగ తగలదా? వచ్చే సిరీస్ చవగ్గా వస్తుందని నాకైతే నమ్మకం లేదు.

అందుకే 5060 కన్నా ఒక మెట్టు పైనుండే 5060 టీఐలో 16 జీబీది చూడు. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, డబ్బా మీద చూసి తీసుకో. మాఘంలో ముహూర్తాలు మొదలైతే కందుకూరులో నీకు తిండి తినే తీరిక కూడా ఉండదు, ఈలోపే కొనేయ్. ముందు నీ పవర్ సప్లై ఎన్ని వాట్లదో చూసి ఫోన్ చెయ్యి. 600 కన్నా తక్కువైతే దానికీ డబ్బులు పక్కన పెట్టుకోవాలి.

నీ,
మామ